కోతపండుగ పాటలో అనాస మాత్రలు

పన్ను పీకించుకున్నాక ఓ వారం దాకా నేను మాట్లాడలేకపోయాను. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

నన్నెరిగినవాళ్ళు ఇది నమ్మరు. నేను మాట్లాడకపోతే ఆఫీసులో ఫ్యాను ఆగిపోయినట్టుంటుందని మా మేనేజరే అంటాడు. తెనాలిలో ఒక ఆరోగ్య బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తాను నేను. జనం ఆసుపత్రి కాగితాలు తెచ్చి ఇస్తారు, వాటిలో ఎక్కడ కాదనాలో నేను వెతుకుతాను. కాదనడానికి జీతం ఇస్తారన్నమాట. మొదట్లో ఉద్యోగానికి తగ్గట్టు నోరు తయారైందనుకునేదాన్ని. అక్క మాత్రం, నీ నోరు చూసే వాళ్ళు ఆ ఉద్యోగం కనిపెట్టారంటుంది.

జ్ఞానదంతం అది. పీకడానికొచ్చిన డాక్టరు కుర్రాడే. "ఇన్నేళ్ళూ దీన్నెందుకు ఉంచుకున్నారు ఆంటీ?" అన్నాడు. "ఒక్కదాన్నే ఉంటాను, తోడుంటుందని" అన్నాను. అతను నవ్వలేదు. ఆ పళ్ళూడబీకే మనిషికి నవ్వు రాకపోవడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

ఇంటికి పంపేముందు మూడు రకాల మాత్రలు రాశాడు. రెండు తెలిసినవే. మూడోది బొద్దుగా, పసుపుపచ్చగా ఉంది. "ఇది వాపుకండి. పరగడుపున వేసుకోవాలి, అన్నం తిన్నాక కాదు."

నోట్లో దూది కుక్కి ఉన్నా అడిగాను, ఏంటిదని.

"ఎంజైమండి. పైనాపిల్ నుంచి తీస్తారు."

పైనాపిల్‌కీ నా దవడకీ ఏంటయ్యా సంబంధం అనబోయాను. దూదిలోంచి ఏదో మూలుగు వచ్చింది. "అవునండి, రెస్ట్ తీసుకోండి" అని లేచిపోయాడు. నాతో వాదనలో ఒక మగాడు గెలవడం అదే మొదలు, అదీ దూది సాయంతో.

ఇంట్లో చేసేదేముంది? మందు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం విప్పి చదివాను. అందరూ పారేసే ఆ కాగితాలు చదవడం నా వృత్తిరోగం. పైగా బాపట్లలో డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. బ్రోమెలైన్ అంటారు దాన్ని. పండులో ఉన్నదానికంటే అనాస మొక్క కాండంలో ఎక్కువట. పండు కోసుకున్నాక మిగిలిన మొద్దుని పిండి తీస్తారు. అది మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. ముదురు మాంసం ఉడకడానికి అమ్మ పచ్చి బొప్పాయి ముక్క వేసేది చూడండి, అలాంటి పనే. అన్నంతో వేసుకుంటే కడుపులో ఆ తిండి మీద పనిచేసి అరుగుదలకి సాయపడుతుంది. పరగడుపున వేసుకుంటే కొంత రక్తంలోకి వెళ్ళి వాపు మీద పనిచేస్తుందని చెప్తారు. పళ్ళు పీకాక, దెబ్బలు తగిలాక, మోకాళ్ళ నొప్పులకీ ఇస్తారు. కొందరికి గుణం కనిపిస్తుంది, కొందరికి కనిపించదు. అనాస పడనివాళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. అనాస ముక్కలు ఎక్కువ తింటే నాలిక చురుక్కుమనేది దీనివల్లే. మనం దాన్ని తింటుంటే అది మనల్ని తింటుంది. ఈ ఒక్క వాక్యం నాకు బాగా నచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పను?

కాగితం చివర చిన్నక్షరాల్లో ఇంకో మాట ఉంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా ఇది వేసుకోకూడదు, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అది చదివి కాగితం మడిచేశాను. నాకు అలాంటి మందులేం లేవు.

ఆఫీసుకి మెసేజిలోనే సెలవు పెట్టి, ఆ వారమంతా చెంప బూరెలా ఉబ్బి, చల్లటి మజ్జిగన్నం మింగుతూ కూర్చున్నాను. పాలు గేటుకి తగిలించిన సంచిలో వేసి వెళ్ళిపోతారు. కూరలు ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తాయి. మనిషి గొంతుతో పని లేకుండా బతకొచ్చని అప్పుడు తెలిసింది. వాపు తగ్గి కిందికి దిగితే, కింది వాటాలో ఆవిడ ఆశ్చర్యపోయింది. "మీరు ఊళ్ళోనే ఉన్నారాండి? చప్పుడు లేకపోతే ఎక్కడికో వెళ్ళారనుకున్నాం. వారంగా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!" అని నాలిక్కరుచుకుంది. కరుచుకోవడమెందుకు, నిజమే కదా.

ఆ శనివారం రేపల్లె బయల్దేరాను, అక్క దగ్గరికి.

శనివారాలు మాకు రివాజు. అమ్మా నాన్నా పోయాక మిగిలింది మేమిద్దరమే. బావ కూడా పోయాక అక్క రేపల్లెలో ఒక్కతే ఉంటోంది. నేను పెళ్ళి చేసుకోలేదు, ఎందుకన్నది ఇక్కడ అనవసరం. తెనాలిలో పొద్దున రైలెక్కితే, వేమూరు, భట్టిప్రోలు దాటి, రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. అక్కడితో రైలుకి వెళ్ళడానికి దారి లేదు, నాకూ లేదు. అక్క చేపల పులుసు చేస్తుంది. నేను తింటూ పులుపెక్కువైందంటాను. సరిపోయిందని తనంటుంది. సాయంత్రం రైలు దాకా ఆ చింతపండు మీదే నడుస్తుంది మా మాట. వారం మొత్తంలో నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి అక్క ఒక్కతే.

చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి అక్క గుండె కవాటం పాడైంది. పెద్దయ్యాక ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. రాత్రిపూట పక్కన పడుకుంటే టిక్ టిక్ అని వినిపిస్తుంది. దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం రక్తం పల్చన చేసే మాత్ర వేసుకోవాలి. పల్చన ఎక్కువైనా ప్రమాదమే. అందుకని మధ్యమధ్య బాపట్ల వెళ్ళి అక్కడి గుండె డాక్టరు దగ్గర రక్తం పరీక్ష చేయించుకుంటుంది. ఆయన ఆకుకూరలు ఇష్టమొచ్చినట్టు తినొద్దన్నాడని, గోంగూర వాసన కూడా చూడదు. గుంటూరు జిల్లాలో పుట్టి గోంగూర మానేసిన మనిషి! డాక్టరు మాటంటే అంత భక్తి.

అలాంటిది, ఆ శనివారం వంటగది అలమరలో ఉప్పు డబ్బా పక్కన కొత్త సీసా కనబడింది. మీద అనాసపండు బొమ్మ.

"ఇదేంటక్కా?"

"మోకాళ్ళకే. పైనాపిల్ మాత్రలు. బాపట్ల అక్కయ్యగారు ఇచ్చింది. పొద్దున్నే పరగడుపున వేసుకుంటున్నా."

బాపట్ల అక్కయ్యగారంటే ఎవరో కాదు, డిగ్రీలో నా పక్క బెంచీ. మా చర్చిల స్త్రీల సమాజం కూటాలకి ఊరూరా తిరిగి ప్రసంగాలు చేస్తుంది. ప్రసంగం అయ్యాక సంచిలోంచి సీసాలు తీస్తుంది.

"నువ్వు వేసుకోకూడదిది" అన్నాను. "రక్తం పల్చన చేసే మాత్రతో కలిస్తే..."

"పండే కదే!"

"గన్నేరుపప్పు కూడా కాయలోంచి వచ్చేదే."

"మొదలెట్టావా" అంది అక్క. గిన్నె దించడానికి చెయ్యి చాచింది. ముంజేతి మీద నీలంగా కమిలి ఉంది. ఏంటంటే తలుపు తగిలిందంది. మోచేతి దగ్గర ఇంకోటి. దానికేది తగిలిందో తనకి గుర్తులేదు. పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోందా అని అడిగాను. జవాబు చెప్పకుండా పులుసు కలపడం మొదలెట్టింది. అంటే వస్తోందన్నమాట.

కమిలితే కమిలింది. అదే నెత్తురు తల్లోపల కారితే? తనొక్కతే ఉన్న ఇంట్లో, తెల్లారి ఎవరు తలుపు తట్టాలి?

"బాపట్ల పరీక్షకి ఎప్పుడెళ్ళావు?"

"వెళ్తాలే, కోతపండుగ అయ్యాక."

"ఇప్పుడే పద. ఈ సీసా పట్టుకుని పద. ఆయన్నే అడుగుదాం."

అక్క గరిటె కిందపెట్టింది. "నువ్వు దేనికి ఔనన్నావే? గ్యాసు గీజరు పెట్టించుకుంటే పేలుతుందన్నావు. ఫిల్టరు నీళ్ళు తాగితే ఎముకలు గుల్లవుతాయన్నావు. మేడ మీద రేకులేస్తే గాలికి లేస్తాయన్నావు. అన్నీ ఉన్నాయి, నేనూ ఉన్నా. అక్కయ్యగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి, నావీ తగ్గుతుంటే నీకెందుకు మంట? ఆవిడ నీకంటే బాగుపడిందనా?"

"నా చదువు మీదొట్టు, కాగితంలో రాసుంది!"

"నీకు అన్ని కాగితాల్లోనూ ఏదో ఒకటి రాసుంటుంది."

ఆ రోజు చింతపండు గురించి మాట్లాడుకోలేదు.

మర్నాడు తెనాలి నుంచి బాపట్ల వెళ్ళాను. ఆ ఊరు దిగితే నాకు ఇప్పటికీ హాస్టల్ సాంబారు వాసనొస్తుంది. బాపట్లావిడ ఇల్లు స్టేషన్‌కి దగ్గర్లోనే. నన్ను చూసి గుమ్మంలోనే పెద్దగా నవ్వింది. ఆ నవ్వు డిగ్రీలోనూ అంతే, లెక్చరర్లు బయటికి పంపేవాళ్ళు.

"ఏంటే, దారితప్పావా?"

"మా అక్కకి ఆ సీసాలు అమ్మకు."

"కూర్చుని తిట్టవే, టీ పెడతా." టీ పెడుతూనే మేడమెట్లు గబగబా రెండుసార్లు ఎక్కి దిగి చూపించింది. "చూశావా మోకాళ్ళు? పోయినేడు ఒక్క మెట్టు ఎక్కలేకపోయేదాన్ని."

"నీ మోకాళ్ళకి పనిచేసిందంటే నేను కాదనను. కొందరికి వాపు తగ్గుతుందనే రాశారు."

"నువ్వు కాదనవా? ఉండు, క్యాలెండర్లో గుర్తుపెట్టుకుంటా."

"మా అక్క రక్తం పల్చన చేసే మాత్ర వేసుకుంటుంది. నీకు తెలుసా?"

అప్పుడు దాని నవ్వు కొంచెం తగ్గింది. "గుండె మాత్రలున్నాయంది. అదేంటో చెప్పలేదే."

"అడిగావా?"

"పండు అమ్మేవాళ్ళు అడుగుతారా?" అని, "అయినా నేను అమ్మనంటే ఇంకెవరి దగ్గరో కొంటుంది. నువ్వు వద్దన్నావని తెలిస్తే రెండు సీసాలు కొంటుంది. మీ అక్కని నేనెరుగుదును" అంది.

అది నిజం కాబట్టి నాకు ఒళ్ళు మండింది. కెమిస్ట్రీలో దాని మార్కులు, ప్రాక్టికల్స్‌లో అది నా రీడింగులు కాపీ కొట్టడం, చర్చి పేరు చెప్పి చేస్తున్న వ్యాపారం, అన్నీ వరసపెట్టి అనేశాను. టీ తాగకుండానే వచ్చేశాను. దారిపొడుగునా నాకు తట్టిన ఇంకా మంచి మాటలు, అనలేకపోయినవి, రైల్లో కిటికీతో అన్నాను.

తర్వాతి ఆదివారం రేపల్లెలో మా చర్చి కోతపండుగ.

ఆ పండుగ తెలియనివాళ్ళకి చెప్తాను. కోతలయ్యాక ఎవరి పంటలోంచి వాళ్ళు, పంట లేనివాళ్ళు ఇంట్లోదో బజార్లోదో, ఏదో ఒకటి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. కొత్తబియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన మైకు పట్టుకుని వాటిని వేలం వేస్తాడు. పాట పాడటమంటారు. ఎంత ఎక్కువకి పాడితే దేవుడికి అంత ఇచ్చినట్టు. ఒక నిమ్మకాయ కోసం మగాళ్ళు మీసాలు తిప్పుకుంటూ పాడతారు. పోటీ ఉంది, నవ్వులున్నాయి, అందుకే పిల్లలు కూడా నిద్రపోకుండా కూర్చునే ఆరాధన అదొక్కటే.

ఆ ఏడు బలిపీఠం ముందు గుమ్మడికాయల మధ్య ఒక అనాసపండు, దాని ఆకులకి ఎర్ర రిబ్బనుతో కట్టిన పెద్ద సీసా కనిపించాయి. బాపట్లావిడ కానుక. ఆవిడ ముందు వరసలో కూర్చుంది. మా అక్క రెండో వరసలో. నేను వెనక.

సంఘపెద్ద సీసా పైకెత్తాడు. "ప్రభువు చేసిన పండులోంచి తీసిన ఔషధం! మోకాళ్ళకి మోకాళ్ళు, అరుగుదలకి అరుగుదల! ఎవరు పాడతారు?"

అక్క చెయ్యెత్తింది.

ఇంట్లో సీసా అడుగుకొచ్చిందని ఆ రోజు అలమరలో చూశాను. నా చెయ్యి దానంతటదే లేచింది. అక్క మీద పాడాను.

అక్క వెనక్కి తిరిగి చూసింది. నేనేదో సరదాకి పాడాననుకుంది మొదట. ఇంకొంచెం పెంచింది. నేనూ పెంచాను. మగాళ్ళ వైపు నుంచి నవ్వులు మొదలయ్యాయి. "తెనాలమ్మగారు తగ్గట్లేదు!" అన్నాడు సంఘపెద్ద మైకులో. అక్క మళ్ళీ పాడింది, ఈసారి తిరిగి చూడకుండా. నేను మళ్ళీ పాడాను. పాస్టరు అయ్యగారు కూడా ఆగలేక, "అక్కాచెల్లెళ్ళ పోటీలో లాభం దేవుడిదే" అన్నారు. గుడంతా గొల్లుమంది. బాపట్లావిడ ఒక్కతే నవ్వలేదు. తల తిప్పి నా వంకే చూస్తోంది.

అక్క చెయ్యి దించేసింది. పాడలేక కాదు. జనం నవ్వుతున్నారని. భుజమ్మీద కొంగు లాక్కుని చేతులు లోపల పెట్టుకుంది, ఆ కమిలిన మచ్చలు కనపడకుండా. సీసా, అనాసపండు నాకిచ్చారు. చప్పట్లు కూడా కొట్టారు.

చెప్పుల దగ్గర పట్టుకుంది నన్ను.

"ఏం సాధించావే?"

"నువ్వది వేసుకోకుండా చేశా."

"బజార్లో ఇంకోటి లేదా? నా సంఘంలో, నా వాళ్ళ మధ్య, నన్ను నవ్వులపాలు చేశావు. చిన్నప్పటినుంచీ అంతే. నీకు నేను బతకడం కాదు, నీ మాట నెగ్గడం కావాలి."

"అక్కా, నీ రక్తం..."

"ఇక శనివారాలు రాకు."

అనాసపండు చంకలో, సీసా చేతిలో పట్టుకుని సాయంత్రం రైలెక్కాను. పక్క సీట్లో ముసలాయన, "పండుగ బాగా జరిగిందామ్మా?" అన్నాడు. బాగా జరిగిందండీ అన్నాను.

అనాసపండు ఒక్క మనిషి కోసం చేసింది కాదు. కోయడానికి కత్తి, చెక్కడానికి ఓపిక, కళ్ళు తీయడానికి తీరిక ఉండాలి. కోశాక పెద్ద గిన్నెడు అవుతుంది. అప్పుడు నలుగురు చేతులు చాచాలి. నేను కోసి ఉప్పూకారం చల్లి కూర్చుని నాలిక మండేదాకా తిన్నాను. మిగిలింది కింది వాటా ఆవిడకి ఇద్దామని మెట్లు దిగాను. తలుపు తాళం వేసుంది. తెచ్చి ఫ్రిజ్జులో పెట్టాను, పులిసిపోయింది.

శనివారం వచ్చింది. అలవాటుకి లేచి తలంటుకుని స్టేషన్‌కి వెళ్ళాను. రేపల్లె బండి ప్లాట్‌ఫారమ్ మీదికొచ్చింది, నాకు తెలిసిన పెట్టె నా ముందే ఆగింది. ఎక్కలేదు. బండి కదిలి వెళ్ళిపోయాక టీ తాగి ఇంటికొచ్చాను. మధ్యాహ్నం హోటల్లో చేపల పులుసు తెప్పించుకుని తింటుంటే, పులుపు సరిపోయింది. సరిపోయిందని చెప్పడానికి కూడా ఎవరూ లేరు. అన్నం తొందరగా మింగానేమో, కడుపుబ్బరంగా ఉంటే ఆ సీసాలోంచి ఒక మాత్ర నేనే వేసుకున్నాను. తగ్గిందా అంటే, తగ్గింది. మాత్రకి తగ్గిందో, కాసేపు నడిస్తే తగ్గిందో చెప్పలేను. క్లెయిమైతే కాదనేదాన్ని.

ఆదివారం అక్కకి ఫోను చేస్తే ఎత్తలేదు. సోమవారం బాపట్ల గుండె డాక్టరు ఆసుపత్రికి చేశాను. "పేషెంటుని రమ్మనండి మేడమ్, ఫోనులో ఏం చెప్పలేం" అంది ఫోనెత్తిన అమ్మాయి. పేషెంటు వస్తే మీకెందుకు ఫోను చేస్తానమ్మా అని ఆ అమ్మాయితో కాసేపు దెబ్బలాడాను. పెట్టేసింది.

ఆలోచించి చూస్తే, అక్క వినే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఇంట్లో నేను టీ కూడా తాగకుండా వచ్చాను.

ఫోను చేశాను. "నాకో సాయం కావాలి" అన్నాను.

"ఎవరండీ మాట్లాడేది?" అంది. కావాలనే అడిగింది.

"నేనే."

"నువ్వేనా? మళ్ళీ అను."

"సాయం కావాలే. అక్కని నువ్వు పరీక్షకి తీసుకెళ్ళు. నువ్వు పిలిస్తే వస్తుంది. ఆ మాత్రల సంగతి నువ్వే డాక్టరుకి చెప్పు. నేను చెప్పానని మాత్రం అనకు, అంటే రాదు."

ఏదో ఒకటి అంటుందని కాచుక్కూర్చున్నాను. కాపీ కొట్టడం, వ్యాపారం, అన్నీ తిరిగి ఇస్తుందని. "పాటలో నువ్వు చెయ్యెత్తినప్పుడే నాకర్థమైంది" అంది మెల్లిగా. "అంతకుముందు నువ్వు ఊరికే అరుస్తున్నావనుకున్నా. అంత రేటుకి ఊరికే పాడేదానివి కాదు నువ్వు. రేపే వెళ్తాను రేపల్లె."

మర్నాడంతా ఆఫీసులో నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితానికీ ఔనన్నాను. మేనేజరు వచ్చి జ్వరమేమోనని నా నుదురు పట్టుకు చూసినంత పని చేశాడు.

సాయంత్రం బాపట్లావిడ ఫోను చేసింది. అక్క రక్తం ఉండాల్సినదానికంటే బాగా పల్చబడింది. డాక్టరు ఆ పూట అక్కడే ఉంచుకున్నాడు, రక్తం మాత్ర కొద్దిరోజులు ఆపి మళ్ళీ చూస్తానన్నాడు. అంతా అనాస మాత్రల వల్లేనని ఖాయంగా చెప్పలేనన్నాడట, పరీక్ష వాయిదా వెయ్యడం కూడా తప్పేనన్నాడట. "ఇంట్లో ఉన్న సీసా పట్టుకెళ్ళి చూపించా. చూసి ఒక్కటే మాటన్నాడే. 'ఇది ఆపేయండమ్మా' అన్నాడు. మీ అక్క 'సరేనండి' అంది."

అంతే. సరేనండి. నేను ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇన్ని మాటలని, గుడిలో పాట పాడి తెచ్చుకోలేకపోయిన మాట.

"ఇంకొన్ని రోజులైతే ఏమయ్యేదో అన్నాడు" అంది. "ఇకనుంచి అడుగుతానే. సీసా తీసేముందు ఏం మాత్రలు వాడుతున్నారో అందరినీ అడుగుతా."

"అడుగు" అన్నాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఉండబట్టలేక రేపల్లె వెళ్ళాను. శనివారం రావద్దంది గానీ ఆదివారం గురించి ఏమీ అనలేదు కదా. చర్చిలో చివరి బెంచీ మీద, స్తంభం పక్కన కూర్చున్నాను.

సాక్ష్యాలు చెప్పేవాళ్ళని ముందుకు రమ్మన్నారు. అక్క లేచింది. ఎప్పుడూ మైకు ముట్టుకోని మనిషి. మైకుని రెండు చేతులా పట్టుకుంటే ముంజేతులు కనిపించాయి. మచ్చలు లేవు. నాకు ఇంకేం అక్కర్లేదనిపించింది. తర్వాత అక్క చెప్పింది, తనకి తెలియకుండా ప్రాణం మీదికొచ్చిందని, దేవుడు బాపట్ల అక్కయ్యగారి మనసులో పడేస్తే ఆమె పనులన్నీ మానుకుని వచ్చి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళిందని. "మాత్రలు ఇచ్చింది ఆమే, ఆపించింది ఆమే. నా సొంతవాళ్ళు కూడా అంత చెయ్యలేదు" అంది.

ఆమెన్ అన్నారు జనం.

కాదు అనడానికి నాకు ఒక్క క్షణం చాలు, అందులో అనుభవం ఉంది. లేచి నిలబడితే సరిపోయేది. ముందు వరసలో బాపట్లావిడ మెడ తిప్పి నన్ను వెతుక్కుంది. చెప్పేయనా అన్నట్టు కనుబొమ్మలెగరేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇదంతా ఇప్పుడు రాస్తున్నాను కదా, నోరు మూసుకున్నదెక్కడ అని మీరనొచ్చు. అక్క ఇలాంటివి చదవదు. వారం వారం వచ్చే చర్చి కరపత్రం చదవడానికే కళ్ళు లాగుతాయంటుంది.

బయటికొస్తుంటే అక్క చూసింది. "వచ్చావా?"

"వచ్చా."

"ఎండలో నిలబడకు. అన్నం తిని వెళ్దువుగాని."

ఇంట్లో అలమర మీద ఉప్పు డబ్బా పక్కన చోటు ఖాళీగా ఉంది. అక్క పీట వాల్చి, వడ్డిస్తూ అంది, "ఆవిడ రాకపోతే నేను పోయుండేదాన్నే. నువ్వూ చెప్పావనుకో. నీలా చెప్తే ఎవరు వింటారే?"

"అవునక్కా" అన్నాను.

గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఏంటీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

ఇద్దరం తినడానికి కూర్చున్నాం. పక్కన కూర్చుంటే ఆ టిక్ టిక్ వినిపిస్తుందేమోనని చెవి పెట్టాను గానీ, పగలు వినపడదు. ఉన్నట్టుండి అక్క అంది, "ఈసారి చింతపండు ఎక్కువ పడిందేమోనే."

ఇన్నేళ్ళలోనూ ఆ మాట తనంతట తను అనలేదు. నోట్లో పెట్టుకుని చూశాను. పులుపు సరిగ్గా ఉంది, ఎప్పుడూ ఉన్నట్టే.

"ఎక్కువైంది" అన్నాను.

"నీ మొహం. సరిగ్గా సరిపోయింది" అని ఇంకో గరిటె వేసింది.

వచ్చే శనివారం రమ్మని తననలేదు. రానా అని నేను అడగలేదు. రైలు టైమైందని చెప్పులేసుకుంటుంటే మిగిలిన పులుసు స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, చేతిలో పెట్టింది. అది అమ్మ నాటి డబ్బా, సొట్టపడ్డది. అక్క దాన్ని ఎవరింట్లోనూ వదిలిపెట్టదు.

తెనాలి దాకా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.